వెనక పలక నుంచి మొదలయ్యే పెట్టె

ఇంట్లో డెస్క్‌టాప్ కంప్యూటరు ఉంటే దాని క్యాబినెట్టును ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. ముందువైపు ఏ కంపెనీ పోకడ ఆ కంపెనీది. ఒకరు గాజు పెడతారు, ఒకరు జాలీ పెడతారు, ఇంకొకరు రంగురంగుల లైట్లు పెడతారు. వెనకవైపు మాత్రం చవకరకానికీ ఖరీదైనదానికీ పెద్ద తేడా కనిపించదు. కీబోర్డు, ఇంటర్నెట్టు, స్పీకర్ల వైర్లు గుచ్చే చోట ఒక పొడవాటి దీర్ఘచతురస్రపు కంత. దాని దగ్గరే గ్రాఫిక్స్ కార్డు తొంగిచూసే సన్నని గాళ్లు. మరో మూల పవర్ సప్లై. లోహపు రేకుతో సొంతంగా క్యాబినెట్టు చేయించుకోవాలనుకునేవాళ్లు మొదట కాగితం మీద గీసేది ముందు ముఖమే. పని చెడేది మాత్రం వెనక ముఖం దగ్గర.

అలా ఎందుకంటే, వెనక పలక మనది కాదు. 1995లో ఇంటెల్ కంపెనీ ఏటీఎక్స్ అనే ప్రమాణాన్ని ప్రకటించింది. మదర్‌బోర్డు 305 మి.మీ. పొడవు, 244 మి.మీ. వెడల్పు ఉండాలనీ, దాన్ని బిగించే రంధ్రాలు ఫలానా చోట్లే రావాలనీ, వెనక కంత 158.75 మి.మీ. వెడల్పు, 44.45 మి.మీ. ఎత్తు ఉండాలనీ అందులో రాసుకున్నారు. అంగుళాల్లో ఇవి ఆరుంపావు, ఒకటి ముప్పావు. అందుకే మిల్లీమీటర్లలో రాస్తే ఇలా దశాంశాలు పడ్డాయి. ఇన్నేళ్లలో ప్రాసెసర్లు మారాయి, మెమరీ మారింది, సాకెట్లు మారాయి, ఆ కంత కొలత మారలేదు. ఇవాళ కొన్న బోర్డు పాతికేళ్ల కిందటి డబ్బాలో కూర్చుంటుందంటే కారణం అదే.

కాబట్టి పెట్టె గీయడం మొదలుపెట్టేవారికి నేను చెప్పేది ఒకటే. మీ దగ్గరున్న కచ్చితత్వాన్నంతా వెనక పలక మీదా, బోర్డు కూర్చునే తట్టు మీదా ఖర్చుపెట్టండి. మిగతా నాలుగు ముఖాలూ ఒక మిల్లీమీటరు అటూఇటూ అయినా ప్రాణం పోదు. ఇక్కడ అర మిల్లీమీటరు తప్పితే గ్రాఫిక్స్ కార్డు స్లాటులో వంకరగా దిగుతుంది, యూఎస్‌బీ పిన్ను రేకుకు కొట్టుకుంటుంది.

సొంతంగా చేసుకునేవాళ్లలో చాలామంది చిన్న పెట్టె కోరుకుంటారు గనక మినీ ఐటీఎక్స్ బోర్డునే ఉదాహరణగా తీసుకుందాం. 2001లో తైవాన్‌కు చెందిన వయా కంపెనీ తెచ్చిన కొలత ఇది, 170 మి.మీ. చదరం. నాలుగు రంధ్రాలు. చదరపు బోర్డుకు నాలుగు రంధ్రాలనగానే నాలుగు మూలల్లో సరిసమానంగా ఉంటాయనుకుంటాం. ఉండవు. మూడు రంధ్రాలు 157.48, 154.94 మి.మీ. భుజాలున్న దీర్ఘచతురస్రం మూలల్లో పడతాయి. వెనక కంతకు దగ్గరగా ఉండే నాలుగోది మాత్రం ఆ మూల నుంచి 22.86 మి.మీ. లోపలికి జరిగి ఉంటుంది. పెద్ద ఏటీఎక్స్ బోర్డులో ఆ రంధ్రం ఎక్కడుందో ఇక్కడా అక్కడే ఉంచారు, పెద్ద డబ్బాలో చిన్న బోర్డు కూడా పట్టాలని. బొమ్మ చూడకుండా ఊహతో నాలుగు మూలలా రంధ్రాలు గుచ్చితే మూడు స్క్రూలు దిగుతాయి. నాలుగో స్టాండాఫ్, అంటే బోర్డును రేకుకు ఆనకుండా ఎత్తిపట్టే చిన్న ఇత్తడి కాలు, రంధ్రం లేని చోట బోర్డు అడుగున నిలబడుతుంది. అక్కడ అంటుకున్న టంకపు చుక్క ఏదన్నా కరెంటు గీతదైతే బోర్డు షార్టవుతుంది.

ఆ బోర్డు రంధ్రం వ్యాసం 3.96 మి.మీ. కంప్యూటర్లలో మొదటినుంచీ వాడే 6-32 అనే అంగుళాల స్క్రూ లావు 3.5 మి.మీ. అంటే బోర్డును బిగించేముందు ఏ దిక్కుకైనా జరుపుకోవడానికి పావు మిల్లీమీటరు కూడా లేదు. అదే మనకు హార్డ్‌వేర్ షాపుల్లో తేలిగ్గా దొరికే ఎం3 స్క్రూ వాడితే ఇటు అర, అటు అర మిల్లీమీటరు వెసులుబాటు వస్తుంది. ఫ్యాక్టరీలో అచ్చుతో గుద్దే రేకుకు 6-32 చాలు. చేతిపనికి ఎం3 మేలని నా లెక్క. 6-32 మరకోసే ట్యాపు కోసం ఊరంతా తిరిగే పనీ తప్పుతుంది.

ఇక ఆ కంత సంగతి. దాని కొలతలో ప్రమాణం ఒప్పుకునే తేడా 0.2 మి.మీ. లేజర్ మిషను ఆ మాత్రం కచ్చితంగా కోసిపెడుతుంది, బెంగ లేదు. చాలామంది చూడనిది రేకు మందం. బోర్డుతోపాటు డబ్బాలో ఒక పల్చని రేకు ముక్క వస్తుంది, పోర్టుల ఆకారంలో కంతలున్న ముక్క. దాన్ని లోపలినుంచి నొక్కితే టక్కుమని కూర్చోవాలి. అలా కూర్చోవాలంటే క్యాబినెట్టు రేకు 0.94 నుంచి 1.32 మి.మీ. మధ్య ఉండాలని ప్రమాణంలో ఉంది. దృఢంగా ఉంటుందని 1.5 మి.మీ. రేకు ఎంచుకున్నారనుకోండి, ఆ ముక్క పళ్లు అంచును దాటి పట్టుకోవు. ముక్క ఊడి లోపల వేలాడుతుంది. పోనీ అని 18 గేజు రేకు తీసుకుంటే దాని మందం 1.22 మి.మీ., హద్దులోనే ఉంది. కానీ దానికి పౌడర్ కోటింగ్ వేయిస్తే రెండువైపులా కలిసి 0.12 నుంచి 0.16 మి.మీ. దాకా రంగు చేరుతుంది. హద్దు మళ్లీ దాటిపోయింది. అందుకే వెనక పలకకు ఒక మిల్లీమీటరు రేకు తీసుకోవడం క్షేమం. ఖరీదైన కొత్త బోర్డుల్లో ఈ ముక్కను బోర్డుకే బిగించి ఇస్తున్నారు. అలాంటిది కొన్నవారికి ఈ తలనొప్పి తక్కువ.

వెనక పలక స్థిరపడ్డాక లోపల ఏది ఎక్కడన్న ప్రశ్న వస్తుంది. ఇందులో ఊహకు చాలా చోటుంది. 2013లో జనం దగ్గర ముందుగానే డబ్బు సమీకరించి తయారుచేసిన ఎన్‌కేస్ ఎం1 అనే అల్యూమినియం క్యాబినెట్టు ఈ రకం పనికి మంచి పాఠం. తైవాన్‌లోని లియాన్ లీ ఫ్యాక్టరీలో దాన్ని చేయించారు. వెడల్పు 160, ఎత్తు 240, పొడవు 328 మి.మీ. ఘనపరిమాణం 12.6 లీటర్లు. మామూలు టవర్ క్యాబినెట్లలో చాలావాటికి ఇది మూడో వంతు కూడా ఉండదు. అంత చిన్నదానిలో పూర్తి పొడవు గ్రాఫిక్స్ కార్డు ఎలా పట్టింది? పవర్ సప్లైని వెనకనుంచి తీసేసి ముందుకు తెచ్చారు. గోడనుంచి వచ్చే వైరు వెనక పలక దగ్గరే ఒక సాకెట్టులో గుచ్చుకుంటుంది. అక్కడినుంచి లోపల ఒక చిన్న వైరు పవర్ సప్లై దాకా వెళ్తుంది. వెనక పలక మీద స్థలం అన్నిటికంటే విలువైనదని గ్రహించినవాళ్లు చేసిన పని అది. తర్వాత వచ్చిన డాన్ ఏ4 ఇంకో అడుగు వేసింది. గ్రాఫిక్స్ కార్డును రైజర్ కేబుల్‌తో బోర్డు వీపు వైపుకి మడిచి 7.2 లీటర్లకు కుదించింది. ఇరుకు పెరిగినకొద్దీ చేయి దూరే చోటు తగ్గుతుంది, అది గుర్తుంచుకోవాలి. మొదటిసారి చేసేవారికి 15 లీటర్లు దాటినా తప్పులేదనే అంటాను.

గీసేముందు భాగాలు చేతిలో ఉండాలి, లేదా కనీసం వాటి కొలతల బొమ్మలుండాలి. చిన్న రకం ఎస్‌ఎఫ్‌ఎక్స్ పవర్ సప్లై 125, 100, 63.5 మి.మీ. పెద్ద ఏటీఎక్స్ రకమైతే 150 మి.మీ. వెడల్పు, 86 ఎత్తు, లోతు 140 నుంచి పైకి. ప్రాసెసర్ మీది కూలరు పొట్టిది కావాలంటే నాక్టువా వారి ఎల్9 రకం ఫ్యానుతో కలిపి 37 మి.మీ. ఎత్తుంటుంది. అదే కంపెనీ టవర్ కూలరు ఒకటి 158 మి.మీ. పెట్టె వెడల్పు దాదాపుగా ఈ ఒక్క నిర్ణయం మీదే తేలుతుంది. గ్రాఫిక్స్ కార్డుల గాళ్లు ఒకదానికొకటి 20.32 మి.మీ. దూరంలో ఉంటాయి. రెండు గాళ్లు చాలనుకుంటాం గానీ, ఇప్పటి పెద్ద కార్డులు మూడు గాళ్లు దాటి మింగేస్తున్నాయి. కొలవడం మరిచిపోయేది వైర్లను. కార్డుకు కరెంటు ఇచ్చే కొత్తరకం 16 పిన్నుల వైరును కనెక్టరు నుంచి 35 మి.మీ. దాకా వంచవద్దని చెబుతున్నారు. అంటే కార్డు అంచుకూ పక్క రేకుకూ మధ్య ఆ చోటు వదలాలి. కంప్యూటరులో బొమ్మ పూర్తయ్యాక నిజం కొలతల్లో ప్రింటు తీసి, అట్టపెట్టె అట్టతో ఒక నమూనా కట్టి, భాగాలన్నీ అందులో పెట్టి చూడండి. స్క్రూడ్రైవరు ఏ కోణంలో దూరుతుందో తెర మీద కనిపించదు, అట్టలో తెలిసిపోతుంది.

ఇనుమా, అల్యూమినియమా అన్న వాదన కంప్యూటరు ఇష్టులలో తెగదు. లెక్క చూస్తే అంత వాదన అక్కర్లేదు. ఒకే మందం గల రేకులు రెండిటినీ వంచిచూస్తే ఉక్కు దాదాపు మూడు రెట్లు బిగువు. కానీ రేకు బిగువు మందంతోపాటు ఘనంగా పెరుగుతుంది గనక, అల్యూమినియం రేకు ఉక్కుకంటే 1.4 రెట్లు మందం ఉంటే చాలు, సమానమవుతుంది. అప్పటికి దాని బరువు ఉక్కులో సగం. ఒక మిల్లీమీటరు ఉక్కుకు సాటి ఒకటిన్నర మిల్లీమీటర్ల అల్యూమినియం అనుకోవచ్చు. ఇందాక చెప్పిన వెనక కంత లెక్క గుర్తుంటే ఇక్కడే ఒక దారి కనిపిస్తుంది. వెనక పలక, బోర్డు తట్టు, లోపలి అస్థిపంజరం ఒక మిల్లీమీటరు ఉక్కుతో చేసి, బయటి తొడుగు మాత్రం అల్యూమినియంతో చేయడం. మన ఫ్యాబ్రికేషన్ షెడ్లలో సీఆర్‌సీఏ అంటే వెంటనే తీసిచూపిస్తారు. నునుపైన, తేలిగ్గా వంగే ఉక్కు రేకు అది. అల్యూమినియంలో 5052 రకం అడగండి. 6061 గట్టిదే, కానీ టీ6 పదునులో ఉన్నదాన్ని ఇరుకుగా వంచితే వంపు బయటివైపు పగులు తీస్తుంది. విశాఖ, కాకినాడ వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఉక్కూ అల్యూమినియం పచ్చిగా ఒకదానికొకటి ఆనితే ఆ చోట అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది. రంగు వేసిన తర్వాతే కలపాలి.

ఇప్పుడు అసలు పని, వంచడం. 50 మి.మీ. చొప్పున రెండు రెక్కలున్న ఎల్ ఆకారపు ముక్క కావాలి. ఎంత పొడవు రేకు కోయాలి? వంద అని చెప్పబుద్ధవుతుంది. వంద కోసి వంచితే రెండు రెక్కల బయటి కొలతలూ కలిపి దాదాపు 102 వస్తాయి. వంగేటప్పుడు రేకు లోపలివైపు నలుగుతుంది, బయటివైపు సాగుతుంది. మధ్యలో ఎక్కడో సాగకుండా నలగకుండా ఉండే పొర ఒకటుంటుంది. ఆ పొర పొడవే మనం కోయాల్సిన పొడవు. అది మందం మధ్యన కాక కాస్త లోపలి ముఖం వైపు, మందంలో సుమారు 0.4 వంతు దగ్గర ఉంటుందని పనివాళ్లు తీసుకుంటారు. ఒక మిల్లీమీటరు రేకును 8 మి.మీ. వెడల్పు వీ అచ్చులో వంచితే లోపలి గుండ్రన 1.3 మి.మీ. వస్తుంది. ఆ గుండ్రన మనం గీసిన బొమ్మ బట్టి రాదు, వాళ్ల దగ్గరున్న అచ్చు బట్టి వస్తుంది. లెక్క కడితే ఆ వంపు పొర పొడవు 2.67 మి.మీ. రెక్కల్లో తిన్నగా మిగిలేది ఒక్కొక్కటి 47.7. మొత్తం 98.07. దర్జీ కుట్టుకోసం గుడ్డ అదనంగా వదులుతాడు, ఇక్కడ దానికి వ్యతిరేకంగా ప్రతి వంపుకూ 1.93 మి.మీ. తీసేయాలి. అడుగు 200, పక్కలు నూరేసి ఉన్న తొట్టి ఆకారానికి 400 కాదు, 396.14 మి.మీ. రేకు కోయాలి.

ఈ అంకెలు నమ్ముకుని నేరుగా పని అప్పగించకండి. అచ్చు మారితే, రేకు పోత మారితే, తీసివేత కూడా మారుతుంది. నమ్మదగిన దారి ఒకటుంది. అదే రేకునుంచి, అదే మిషను మీద, సరిగ్గా 100 మి.మీ. పొడవు పట్టీ ఒకటి కోయించి మధ్యలో వంచమనండి. రెండు రెక్కలనూ బయటినుంచి వెర్నియర్‌తో కొలిచి కలపండి. వందకు పైన ఎంత వస్తే అదే ఆ షెడ్డులో ఆ రేకుకు తీసివేత. పట్టీకి అయ్యే ఖర్చు టీ ఖర్చంత. దాన్ని తప్పించుకుని మొత్తం పెట్టె మళ్లీ కోయించుకున్నవాళ్లు తక్కువేమీ కాదు.

వంపు కొలతలో తేడా ఒక ఎత్తు, కోణంలో తేడా ఇంకో ఎత్తు. 90 డిగ్రీలకు వంచిన రేకు మిషను వదలగానే కొద్దిగా వెనక్కి తెరుచుకుంటుంది, లోహానికి ఆ గుణం ఉంది. పనివాడు దాన్ని లెక్కలోకి తీసుకుని కాస్త ఎక్కువ వంచుతాడు. అయినా ఒక డిగ్రీ తేడా మిగిలిందనుకుందాం. 44 మి.మీ. ఎత్తున్న వెనక కంత పై అంచు దగ్గర అది ముప్పావు మిల్లీమీటరు. 170 మి.మీ. దూరంలో 3 మి.మీ. ఇప్పుడు బోర్డు తట్టునూ వెనక పలకనూ ఒకే రేకునుంచి ఎల్ ఆకారంలో వంచి చేశామనుకోండి. చూడ్డానికి అందమే, ఒక అతుకు తగ్గింది. కానీ ఆ వంపులో వచ్చిన ప్రతి తప్పూ నేరుగా బోర్డుకూ కంతకూ మధ్య సంబంధంలోకి చేరుతుంది. సరిదిద్దుకునే దారి ఉండదు. అందుకే రెండిటినీ వేరే ముక్కలుగా చేయమంటాను. తట్టు అంచును పది మిల్లీమీటర్లు వంచి, ఆ అంచులో గుండ్రటి రంధ్రాలకు బదులు కోడిగుడ్డు ఆకారపు గాళ్లు కోయించాలి. తట్టు ఒక మిల్లీమీటరు అటూఇటూ జరగాలి. బోర్డును తట్టు మీద బిగించి, గ్రాఫిక్స్ కార్డు గుచ్చి, పోర్టులన్నీ కంతలో కుదిరాయో లేదో చూసుకుని, అప్పుడు స్క్రూలు బిగించాలి. మూలమట్టం పెట్టి చూడటం కూడా అప్పుడే. నప్పిందనుకున్నాక కావాలంటే పాప్ రివెట్ కొట్టి శాశ్వతం చేసుకోవచ్చు.

వంచే మిషనుకు కొన్ని పట్టింపులున్నాయి. ఆ 8 మి.మీ. అచ్చు మీద రెక్క కనీసం 6 మి.మీ. పొడవు లేకపోతే రేకు అచ్చులో జారిపడుతుంది. వంపుకు బాగా దగ్గరలో రంధ్రం ఉంటే అది కోడిగుడ్డులా సాగుతుంది. రేకు మందానికి రెండున్నర రెట్లూ లోపలి గుండ్రనా కలిపినంత దూరం వదలాలి, అంటే మన రేకుకు 4 మి.మీ. చాలు. రెండు వంపులు కలిసే మూలలో చిన్న గాటు పెట్టించకపోతే రేకు చిరుగుతుంది. నాలుగు పక్కలా గోడలున్న పెట్టెలో నాలుగో గోడ వంచేసరికి ముందే వంచిన గోడలు మిషను కత్తికి అడ్డొస్తాయి. ఈ చివరి సంగతి బొమ్మ మీద ఎంత చూసినా తెలియదు. గీతలో పొరపాటు లేకపోయినా వంచడం అసాధ్యమయ్యే పెట్టెలుంటాయి. పెద్దపెద్ద చదును పలకలకు మాత్రం అంచులు లోపలికి ఒక పది మిల్లీమీటర్లు మడవడం తప్పనిసరి. లేకపోతే ఫ్యాను తిరిగినంతసేపూ రేకు జుయ్యిమని మోగుతుంది.

ఇంత లెక్క వద్దనుకునేవారికి ఒక అడ్డదారి ఉంది, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. పాత ఇనుము కొట్లో మూలన పడున్న ఏ పాత క్యాబినెట్టు అయినా తెచ్చుకుని, దాని వెనక పలకనూ బోర్డు తట్టునూ కోసి తీసుకోండి. ఫ్యాక్టరీ అచ్చుతో గుద్దిన కొలతలవి. కంత, గాళ్లు, గాళ్ల పైన కార్డును బిగించే మడత, అన్నీ సరిగ్గా ఉంటాయి. ఆ కార్డు మడతను చేతిపనితో తేవడం నిజంగానే కష్టం. వాటి చుట్టూ మీ పెట్టె కట్టుకోండి.

షెడ్డుకు వెళ్లేటప్పుడు ఏం పట్టుకెళ్లాలో తెలిస్తే సగం పని అయినట్టే. హైదరాబాదులో బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, విజయవాడలో ఆటోనగర్, ఈ ప్రాంతాల్లో రేకు పని చేసే చిన్న యూనిట్లు చాలా ఉన్నాయి. వాటిలో కొన్నిటికి కరెంటు ప్యానెల్ బోర్డుల పెట్టెలు చేయడం రోజూ పని. వాళ్లకు మీ పెట్టె వింత కాదు, మీ కొలతలే వింత. డీఎక్స్‌ఎఫ్ ఫైలు నిజం కొలతలో, మిల్లీమీటర్లలో ఇవ్వాలి. కోసే గీతలు ఒక లేయరులో, వంచే గీతలు ఇంకో లేయరులో ఉండాలి. లేకపోతే లేజరు వంపు గీత వెంబడి కూడా కోసేస్తుంది. ప్రతి కొలతా బయటిదా లోపలిదా రాయాలి. వంపు పైకా కిందికా చెప్పాలి. ఫ్రీక్యాడ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరులో రేకుపని కోసం ప్రత్యేకమైన పనిముట్లున్నాయి, వంపులో సాగని పొర మందంలో ఎన్నో వంతు దగ్గరుందో అంకె ఇస్తే అదే పరిచి చూపిస్తుంది. కోతకు ధర సాధారణంగా గీత పొడవును బట్టీ, రంధ్రాల సంఖ్యను బట్టీ కడతారు. వంపులకు ఇన్నింటికి ఇంతని విడిగా. కోసిన అంచుల్లో పదును మిగిలితే ఆకురాయితో మీరే రుద్దుకోండి. ఆ పని చేయని పెట్టె బయట ఎంత బాగున్నా లోపల చేయి పెట్టినవాడి వేలు తెగుతుంది.

మర సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. ఎం3 మర ఒక చుట్టుకు అర మిల్లీమీటరు. ఒక మిల్లీమీటరు రేకులో నేరుగా మరకోస్తే రెండు చుట్లే దొరుకుతాయి, నాలుగుసార్లు విప్పి బిగిస్తే అరిగిపోతాయి. కాబట్టి రేకులోకి నొక్కి బిగించే క్లించ్ నట్లో, రివెట్ నట్లో పెట్టించాలి. స్టాండాఫ్‌లు కనీసం 6.35 మి.మీ. ఎత్తుండాలి, బోర్డు అడుగున పొడుచుకొచ్చే టంకపు కాళ్లు రేకును తాకకుండా.

గాలి దగ్గరికొస్తే, అల్యూమినియం పెట్టె లోపలి వేడిని పీల్చి బయటికి వదులుతుందన్న నమ్మకం బాగా ప్రచారంలో ఉంది. ఫ్యాను లేకుండా వేడి గొట్టాలతో ప్రాసెసరును పెట్టె గోడకే అతికించే ప్రత్యేకమైన క్యాబినెట్లలో అది నిజం. మామూలు పెట్టెలో వేడిని మోసుకుపోయేది గాలే, గోడ లోహం పాత్ర స్వల్పం. ఎంత గాలి కావాలి? కంప్యూటరు 400 వాట్లు లాగుతోందనుకుందాం. లోపలికొచ్చే గాలికంటే బయటికి పోయే గాలి 10 డిగ్రీలకు మించి వేడెక్కకూడదంటే నిమిషానికి దాదాపు రెండు ఘనపు మీటర్ల గాలి తిరగాలి. ఫ్యాను డబ్బా మీది అంకెల్లో చెప్పాలంటే 73 సీఎఫ్‌ఎం. ఒక 120 మి.మీ. ఫ్యాను ఖాళీగా తిరిగితే ఆ దరిదాపులకు రావచ్చు, పెట్టెలో బిగించాక రాదు. మే నెలలో గది 38 డిగ్రీలుంటే బయటికొచ్చే గాలి 48. చలిదేశపు సమీక్షల్లో చల్లగా నడిచిన చిన్న పెట్టె మన ఊళ్లో ఎందుకు కేకలు పెడుతుందో దీన్నిబట్టే అర్థమవుతుంది. రెండు ఫ్యాన్లకు చోటు ముందే ఉంచుకోవాలి. 120 మి.మీ. ఫ్యాను స్క్రూ రంధ్రాల మధ్య దూరం 105 మి.మీ., 140 మి.మీ. ఫ్యానుకు 124.5.

ఫ్యాను ముందు జాలీ ఎలా ఉండాలన్నది నిజంగా లెక్కకు అందే విషయం. 3 మి.మీ. రంధ్రాలు, కేంద్రం నుంచి కేంద్రానికి 4 మి.మీ. దూరంలో, తేనెపట్టు వరసలో గుచ్చితే తెరిచి ఉండేది 51 శాతం. సగం రేకే అడ్డం. 5 మి.మీ. రంధ్రాలు 6 మి.మీ. దూరంలో పెడితే 63 శాతం. ఆరుపలకల రంధ్రాలు, మధ్య గోడ ఒక మిల్లీమీటరు పెడితే 69. ధర కూడా ఇందులోనే ఉంది. 120 మి.మీ. గుండ్రంలో మొదటి రకానికి 800 రంధ్రాలు పడతాయి, రెండోదానికి 360. లేజరు ఒక్కో రంధ్రం దగ్గర ఆగి గుచ్చి తిరగాలి గనక బిల్లు రెట్టింపు. రేకు కూడా ఆ వేడికి వంకర పోవచ్చు. తయారుగా దొరికే చిల్లుల రేకు కొని లోపలినుంచి రివెట్ చేయడం ఇంకా చవక. రంధ్రం పెద్దదైతే గాలి బాగా వస్తుంది, దానితోపాటు బొద్దింకా వస్తుంది. 5 మి.మీ. దాటితే వెనక నైలాను జాలీ ఒకటి పెట్టుకోవడం మన ఇళ్లలో తప్పదు.

రంగు వేయించడం చివరి పనే గానీ దాని ఆలోచన మొదట్లోనే ఉండాలి. పౌడర్ కోటింగులో పొడిని విద్యుత్తుతో రేకుకు అంటించి 180 నుంచి 200 డిగ్రీల వేడి గదిలో కరిగిస్తారు. పొర మందం 60 నుంచి 80 మైక్రాన్లు. మరలున్న చోట్ల పాత స్క్రూలో, రబ్బరు బిరడాలో దిగ్గొట్టి ఇవ్వకపోతే మర నిండిపోతుంది. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటుంది. ఆ పొర కరెంటును సాగనివ్వదు. పవర్ సప్లై లోహపు ఒళ్లు మూడు పిన్నుల ప్లగ్గు ద్వారా ఎర్తుకు కలిసి ఉంటుంది. అది పెట్టెను తాకే చోట రంగు ఉంటే పెట్టెకు ఎర్తు అందదు. అలాగే తట్టుకూ వెనక పలకకూ మధ్య, పక్క పలకలకూ అస్థిపంజరానికీ మధ్య. ఆనుకునే చోట్ల రంగు పడకుండా ముందే టేపు వేయించాలి, లేదా తర్వాత గీకాలి. అల్యూమినియానికి అనోడైజింగ్ చేయించినా ఇదే కథ, ఆ పొర కూడా విద్యుత్తును ఆపుతుంది.

సీపీయూ ముట్టుకుంటే జిల్లుమంటోందని చాలా ఇళ్లలో వింటాం. గోడ సాకెట్టులో ఎర్తు లేనప్పుడు పవర్ సప్లై లోపలి ఫిల్టరు కెపాసిటర్లు పెట్టె ఒంటిని 230లో సగం వోల్టుల దగ్గర వేలాడదీస్తాయి. కరెంటు అతి స్వల్పం గనక జిల్లుమని ఊరుకుంటుంది. కానీ లోపల ఎప్పుడైనా లైను వైరు ఊడి రేకును తాకితే అప్పుడు వచ్చేది జిల్లు కాదు. ఫ్యాక్టరీ పెట్టెకు ఈ పరీక్ష వాళ్లు చేసి పంపుతారు, మన పెట్టెకు మనమే చేసుకోవాలి. పవర్ సప్లైని పెట్టెలో బిగించి, గోడకు తగిలించకుండా, మల్టీమీటరు ఒక కొనను ప్లగ్గు పెద్ద పిన్నుకు ఆనించి రెండో కొనతో పెట్టె ప్రతి ముక్క మీదా రంగులేని చోట తాకాలి. అన్నిచోట్లా బీప్ రావాలి. రాని ముక్కకు పచ్చ వైరు ఒకటి వేయాలి. మొదటిసారి స్విచ్చి వేసేది దీని తర్వాతే.

పక్క పలకలను మాత్రం మిగతా ముక్కలతోపాటు కోయించకండి, డబ్బు ఆదా అవుతుందని షెడ్డువాళ్లు చెప్పినా సరే. అస్థిపంజరం వంచి, బోర్డూ కార్డూ కూర్చోబెట్టి, స్క్రూలన్నీ బిగించాక దాని అసలు కొలత ఎంత తేలిందో అప్పుడు కొలవండి. గీసుకున్న 240 కాస్తా 241 అయి ఉండవచ్చు, ఒక మూల కొద్దిగా బయటికి జరిగి ఉండవచ్చు. పలకలను ఆ కొలతకు, చుట్టూ అర మిల్లీమీటరు సందుతో, రెండో విడతలో కోయించుకుంటే సరి.